ఐఎల్-2, ఐఎల్-15 రెండూ ఒకే రిసెప్టర్ వాడుకుంటుంటే ఎన్‌కె సెల్స్ ఐఎల్-15 లేకపోతేనే ఎందుకు పోతన్నాయి?

బ్రాడీపేట_బయోటెక్:

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ బయోటెక్ సెకండ్ ఇయర్, గుంటూరు. వచ్చే సోమవారం ఇమ్యునాలజీ సెమినార్ ఉంది, నాకు పడిన టాపిక్ ఎన్‌కె సెల్స్ (నేచురల్ కిల్లర్, తెల్లకణాల్లో ఒక రకం) పెరగటానికి, పని చెయ్యటానికి సైటోకైన్లు ఏం చేస్తాయని. సైటోకైన్లంటే కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ప్రొటీన్లు, ఐఎల్ అంటే ఇంటర్‌ల్యూకిన్, అదీ వాటిలో ఒక రకమే. పుస్తకంలో ఉన్నదంతా చదివా, అరండల్‌పేటలో జిరాక్స్ షాపుకెళ్లి సీనియర్ల నోట్సు కూడా తీయించుకున్నా, కానీ ఒక్కచోట బుర్ర ఆగిపోయింది.

నాకు తెలిసింది ఇంత. రక్తంలో ఉండే లింఫోసైట్లలో 5 నుంచి 15 శాతం దాకా ఎన్‌కె సెల్స్ ఉంటాయి. టి సెల్స్‌లాగా ముందే ఆ వైరస్‌తో పరిచయం ఉండక్కర్లేదు, తేడాగా కనపడిన కణానికి పెర్ఫోరిన్‌తో చిల్లు పెట్టి గ్రాంజైమ్ లోపలికి పంపి చంపేస్తాయి. 1975లో స్వీడన్‌లో కీస్లింగ్ వాళ్లు, అమెరికాలో హెర్బర్‌మన్ వాళ్లు ఎవరికి వాళ్లు బయటపెట్టారు. ఇంతవరకు ఓకే.

ఇప్పుడు ఐఎల్-2 రిసెప్టర్ తీసుకుంటే ఆల్ఫా, బీటా, గామా అని మూడు ముక్కలు. ఐఎల్-15కీ మూడే, అందులో బీటా, గామా సేమ్ టు సేమ్, ఆల్ఫా ఒక్కటే వేరు. లోపల సిగ్నల్ మోసే ప్రొటీన్లు కూడా అవే, జాక్1 జాక్3, ఆ తర్వాత స్టాట్5. అంతా ఒకటే అయినప్పుడు ఐఎల్-15 జీన్ తీసేసిన ఎలుకలో ఎన్‌కె సెల్స్ దాదాపు కనపడకుండా పోతాయంట, ఐఎల్-2 జీన్ తీసేస్తే మాత్రం ఎన్‌కె ఉంటాయంట గానీ ఎలుకకి ఆటోఇమ్యూన్ రోగం వచ్చి చస్తదంట. ఏందిది? మా మేడం గారు రిడండెన్సీ అని ఒక మాట చెప్పి ముందుకెళ్లిపోయారు, మరి రిడండెన్సీ అయితే ఒకటి పోతే రెండోది ఆదుకోవాలిగా? సెమినార్‌లో కచ్చితంగా ఇదే అడుగుతారు. తెలుగులో చెప్పండి ప్లీజ్, ఇంగ్లీషు రివ్యూలు ఎంత చదివినా తలకెక్కట్లా.

పటమట_పిల్ల:

తమ్ముడూ మంచి చోటే ఆగావు. మాది పటమట, ఇప్పుడు హైదరాబాద్‌లో సెల్ థెరపీ ల్యాబ్‌లో పని, పొద్దున లేస్తే ఈ ఎన్‌కె సెల్స్‌కి మేత వెయ్యటమే నా ఉద్యోగం, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిక చేసుకుని చదువు.

నువ్వు సెల్ లోపల ఏం జరుగుతుందో చూస్తన్నావు, ఒక్కసారి బయటికి రా, ఆ ప్రొటీన్ ఎవరు తెచ్చి ఇస్తన్నారో చూడు. ఐఎల్-2ని ముఖ్యంగా యాక్టివేట్ అయిన టి సెల్స్ బయటికి వదులుతాయి, అది చుట్టుపక్కల తేలతా ఉంటది. ఎండాకాలం కృష్ణలంకలో మున్సిపాలిటీ ట్యాంకర్ వచ్చినట్టు అనుకో, ఎవరి బిందె పెద్దదైతే వాళ్లకే ఎక్కువ. ఇక్కడ పెద్ద బిందె అంటే ఆల్ఫా ముక్క, సీడీ25 అంటారు చూడు, అదే. మూడు ముక్కలూ ఉన్న సెల్‌కి ఐఎల్-2 పికోమోలార్ లెక్కన ఉన్నా దొరుకుతుంది, బీటా గామా రెండే ఉన్న సెల్‌కి నానోమోలార్ కావాలి, అంటే దాదాపు వంద రెట్లు. రెగ్యులేటరీ టి సెల్స్ ఎప్పుడూ సీడీ25 వేసుకునే ఉంటాయి, మన రక్తంలో ఎక్కువ ఎన్‌కె సెల్స్‌కి బీటా గామానే. ఇంక ఎవరు తాగుతారో నువ్వే చెప్పు. ఐఎల్-2 పోతే ముందు దెబ్బ తినేది ఆ రెగ్యులేటరీ టి సెల్స్, అవి లేకపోతే మిగతా టి సెల్స్‌ని అదుపులో పెట్టేవాళ్లు ఉండరు, అందుకే ఆ ఎలుకకి ఆటోఇమ్యూన్. పైగా ఒంట్లో గొడవ ఏమీ లేనప్పుడు టి సెల్స్ ఐఎల్-2 పెద్దగా వదలవు, కానీ ఎన్‌కె సెల్స్ గొడవ లేని రోజు కూడా బతకాలిగా.

ఐఎల్-15 సంగతి వేరు. అది ఊరికే తేలతా దొరికేది చాలా తక్కువ. డెండ్రిటిక్ సెల్, మోనోసైట్, బోన్ మ్యారోలో స్ట్రోమా సెల్స్ ఇలాంటివి ఐఎల్-15నీ, దాని ఆల్ఫా ముక్కనీ రెండింటినీ తామే తయారు చేసుకుంటాయి, రెండూ లోపలే గట్టిగా అతుక్కుని జంటగా పైకి వస్తాయి, వచ్చి పక్కన తగిలిన ఎన్‌కె సెల్ మీదున్న బీటా గామాకి అందిస్తాయి. దీన్నే ట్రాన్స్ ప్రెజెంటేషన్ అంటారు, 2002లో వాల్డ్‌మన్ ల్యాబ్ వాళ్లు చూపించారు. అంటే ఆల్ఫా ముక్క తీసుకునేవాడి మీద ఉండక్కర్లా, ఇచ్చేవాడి మీద ఉండాలి. అందుకే ఎలుకలో ఐఎల్-15 తీసేసినా, దాని ఆల్ఫా తీసేసినా ఎన్‌కె సెల్స్‌కి ఒకటే గతి. నీ బొమ్మలో రెండు సెల్స్ పక్కపక్కన గియ్యి, ఒక సెల్ గీసి దాని నెత్తిన మూడు ముక్కలు పెడితే మాత్రం జన్మలో అర్థం కాదు, చాలా పుస్తకాల్లో అలాగే ఉంటది.

ఇంకోటి, ఎంత ఇస్తన్నారనేది కూడా లెక్కే. ఐఎల్-15 కొంచెమే అందితే స్టాట్5 వరకు నడుస్తుంది, బీసీఎల్2, ఎమ్‌సీఎల్1 లాంటి ప్రొటీన్లు పెరిగి సెల్ చావకుండా ఉంటది, అంతే, పెద్దగా హుషారు ఉండదు. ఎక్కువ అందితే ఎమ్‌టార్ దారి కూడా తెరుచుకుంటుంది, అప్పుడు సెల్ సైజు పెరిగి గ్లూకోజ్ లాగటం మొదలుపెట్టి, గ్రాంజైమ్ నింపుకుని, విడిపోయి పెరగటం మొదలుపెడుతుంది. ఫ్లాస్కులో ఇది కళ్లకే కనిపిస్తుంది తెలుసా. రక్తంలోంచి తీసిన ఎన్‌కె సెల్స్ చిన్నగా గుండ్రంగా విడివిడిగా ఉంటాయి, సైటోకైన్ వెయ్యకుండా వదిలేస్తే కొద్ది రోజులకే ముడుచుకుపోయి ట్రిపాన్ బ్లూ, అదే చచ్చిన సెల్స్‌కి పట్టే రంగు, వేస్తే నీలంగా వస్తాయి. అదే ఐఎల్-15 గానీ బాగా ఎక్కువ ఐఎల్-2 గానీ వేస్తే ఉబ్బి, కొన్ని సాగి, గుంపులు గుంపులుగా అతుక్కుంటాయి, ఎర్రగా ఉన్న మీడియం వాటి యాసిడ్‌కి పసుపు తిరుగుద్ది. మా ల్యాబ్‌లో ఆ రంగు చూసే ఇవాళ మీడియం మార్చాలా రేపా అని చెప్పేస్తాం.

గమనించావా, ఫ్లాస్కులో ఐఎల్-2తో కూడా పెరుగుతాయి అన్నా. ఎందుకంటే అక్కడ పోటీకి రెగ్యులేటరీ టి సెల్స్ లేవు, మనం పోసేది కూడా ఒంట్లో ఎప్పుడూ ఉండనంత. మీ మేడం గారు చెప్పిన రిడండెన్సీ అక్కడ కరెక్టే. ఒంట్లో చెల్లదు.

బ్రాడీపేట_బయోటెక్:

అక్కా దండం. రెండు సెల్స్ గీసి చూసుకున్నా, ఇప్పుడు ఎక్కింది. ఒక డౌట్, ఇదంతా ఎలుకలోనేనా, మనిషిలో కూడా ఇలాగే అని ఏంటి గ్యారంటీ అంటే ఏం చెప్పాలి?

పిల్లల_వార్డు_పీజీ:

దానికి నేను చెప్తా బ్రో, పీడియాట్రిక్స్ పీజీ, విజయవాడ. మనిషిలో ఈ ప్రయోగం ప్రకృతే చేసి పెట్టింది, దాని పేరు ఎస్‌సీఐడీ, పుట్టుకతో ఇమ్యూనిటీ లేని పిల్లలు. నీ స్లైడ్‌లో ఈ నాలుగు లైన్లు పెట్టు, ఎవరూ ఇంకేం అడగరు.

గామా ముక్క జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటది, అది పాడైతే మగపిల్లల్లో టి సెల్స్ ఉండవు, ఎన్‌కె ఉండవు, బి సెల్స్ లెక్కకి ఉంటాయి గానీ పని చెయ్యవు. ప్లాస్టిక్ గదిలో పెరిగిన అమెరికా పిల్లాడు డేవిడ్ వెట్టర్ ఉన్నాడుగా, 1984లో పోయాడు, అతనిది ఇదే. గామా కింద వేలాడేది జాక్3 కాబట్టి జాక్3 పోయినా అచ్చం ఇదే బొమ్మ. ఇప్పుడు అసలు పాయింట్ చూడు, ఐఎల్-7 రిసెప్టర్ ఆల్ఫా పోయిన పిల్లల్లో టి సెల్స్ ఉండవు కానీ ఎన్‌కె శుభ్రంగా ఉంటాయి, ఎందుకంటే ఐఎల్-15 దారి బాగానే ఉంది. ఐఎల్-2 ఆల్ఫా, అదే సీడీ25, పోయిన పిల్లల్లో ఎన్‌కె ఉంటాయి, వాళ్లకి వచ్చే గోల ఆటోఇమ్యూన్, అచ్చం నీ ఎలుకలాగే. ఇంక స్టాట్5బీ పోయిన పిల్లలు పొట్టిగా ఉండిపోతారు, ఎందుకంటే గ్రోత్ హార్మోన్ కూడా అదే స్టాట్5బీ మీద నడుస్తుంది, వాళ్లలో ఎన్‌కె కూడా తగ్గుతాయి. ఒకే ప్రొటీన్ ఒకచోట ఎముక పొడవు, ఇంకోచోట ఎన్‌కె లెక్క, నాకైతే ఇది చదివినప్పుడల్లా భలే అనిపిస్తుంది.

మన దగ్గర దీన్ని గట్టిగా పట్టించుకోవాల్సిన కారణం ఇంకోటి ఉంది. జాక్3 రకం రావాలంటే అమ్మ దగ్గర్నుంచి ఒక పాడైన కాపీ, నాన్న దగ్గర్నుంచి ఒకటి రావాలి, మేనరికాలు చేసుకునే ఇళ్లల్లో ఆ ఛాన్స్ పెరుగుతుంది, మన కృష్ణా గుంటూరు జిల్లాల్లో మేనమామనో మేనబావనో చేసుకోవటం ఎంత మామూలో చెప్పక్కర్లా. పైగా మనం పుట్టగానే బీసీజీ వేస్తాం, అది బతికున్న బ్యాక్టీరియా, ఇలాంటి పిల్లలకి అదే ఒళ్లంతా పాకేస్తుంది. అందుకే ముందు బిడ్డ నెలల వయసులో ఇన్ఫెక్షన్లతో పోయిన ఇంట్లో రెండో బిడ్డ పుడితే బీసీజీ వేసే ముందు డాక్టర్‌కి ఆ సంగతి చెప్పండి అంటాం. సీబీసీలో లింఫోసైట్లు మరీ తక్కువ కనిపిస్తే ఫ్లో సైటోమెట్రీకి పంపి టి, బి, ఎన్‌కె విడివిడిగా లెక్క చూడాలి, ఏది ఉంది ఏది లేదు అనే దాన్ని బట్టే ఏ జీన్ అయి ఉంటదో సగం తెలిసిపోతుంది.

పెద్దవాళ్లలో కూడా ఇది చూస్తాం. కీళ్లవాతానికి టోఫాసిటినిబ్ అని బిళ్ల ఇస్తున్నారుగా, అది జాక్ నిరోధకం, జాక్1 జాక్3 మీద పని చేస్తుంది, అంటే నువ్వు గీసిన బొమ్మలో మధ్యలో అడ్డుకట్ట వేసినట్టే. వాడేవాళ్లలో ఎన్‌కె లెక్క తగ్గొచ్చు, సర్పి లేచే రిస్క్ పెరుగుతుంది. సర్పికి ఎన్‌కె ఒక్కటే కారణం అని రాయకు, టి సెల్స్ కూడా దెబ్బ తింటాయి.

సత్యనారాయణపురం_శీను:

మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎన్‌కె సెల్ యాక్టివిటీ పెంచే పొడి అని ఒకాయన రోజూ ఫార్వర్డ్ పెడుతున్నాడు, డబ్బా నాలుగు వేలంట, మా బాబాయి కొనేట్టే ఉన్నాడు. పని చేస్తదా?

పిల్లల_వార్డు_పీజీ:

శీను గారూ పైన అక్క చెప్పిందంతా చదివారుగా, ఒక సెల్ ఇంకో సెల్‌ని తాకి ఇచ్చే సిగ్నల్ అది. సైటోకైన్ ప్రొటీన్ మింగితే పొట్టలో అరిగిపోతుంది, పప్పులో ప్రొటీన్ ఎంతో అదీ అంతే. నాలుగు మెట్లు గబగబా ఎక్కినా ఆడ్రినలిన్ వల్ల రక్తంలో ఎన్‌కె లెక్క కాసేపు పెరుగుద్ది, ఆ టైములో రక్తం తీస్తే ఏ పొడి అయినా పని చేసినట్టే కనపడుద్ది. బాబాయి గారికి చెప్పండి, ఆ డబ్బులతో షుగర్ టెస్టు చేయించుకుని మిగతాది దాచుకోమని.

ఇమ్యునో_మాస్టారు:

పటమట అమ్మాయి చాలా బాగా చెప్పింది, దానికి ఒక్కటి కలపాలి. అబ్బాయ్, ఎన్‌కె సెల్స్ అన్నీ ఒక్కలా ఉండవు. సీడీ56 అని సెల్ పైన ఉండే ఒక గుర్తు ప్రొటీన్, అది తక్కువగా ఉండే రకం రక్తంలోని ఎన్‌కెలో 90 శాతం దాకా ఉంటుంది, చంపే పని ఎక్కువ దానిదే, సీడీ16 ఉంటుంది కాబట్టి రిటుక్సిమాబ్, ట్రాస్టుజుమాబ్ లాంటి యాంటీబాడీ మందులు అతుక్కున్న క్యాన్సర్ కణాన్ని పట్టుకోగలదు. సీడీ56 బాగా ఎక్కువగా ఉండే బ్రైట్ రకం రక్తంలో కొంచెమే, లింఫ్ నోడ్లలో మాత్రం ఎక్కువ, దాని పని ఇంటర్‌ఫెరాన్ గామా లాంటివి వదలటం. ఈ బ్రైట్ రకం మీద సీడీ25 ఉంటుంది, కాబట్టి లింఫ్ నోడ్‌లో టి సెల్ పక్కనే కూర్చుని తక్కువ ఐఎల్-2ని కూడా అందుకోగలదు. ఐఎల్-2కి ఎన్‌కెతో సంబంధమే లేదన్నట్టు సెమినార్‌లో మాట్లాడావంటే నాలాంటి వాడు వెనక బెంచీలోంచి లేచి నిలబడతాడు, చూసుకో.

ఇంకా ఐఎల్-12, ఐఎల్-18 వదిలేశారు. పెరగటానికీ బతకటానికీ ఐఎల్-15 ఎంత ముఖ్యమో, పని చేయించటానికి ఇవి అంత. ఐఎల్-12 స్టాట్4 మీదుగా, ఐఎల్-18 మైడీ88, ఎన్ఎఫ్ కప్పా బీ మీదుగా వెళ్తాయి, విడివిడిగా ఇస్తే వచ్చే ఇంటర్‌ఫెరాన్ గామా కంటే కలిపి ఇస్తే వచ్చేది ఎన్నో రెట్లు ఎక్కువ. ఒకప్పుడు ఐఎల్-12 పేరే ఎన్‌కె సెల్ స్టిమ్యులేటరీ ఫ్యాక్టర్, 1989లో ట్రింకియేరి వాళ్లు ఆ పేరుతోనే తీశారు. టైప్ 1 ఇంటర్‌ఫెరాన్లు కూడా రాయి, వైరస్ వచ్చినప్పుడు అవి డెండ్రిటిక్ సెల్‌ని తట్టి ఐఎల్-15 ఎక్కువ ప్రెజెంట్ చేసేట్టు చేస్తాయి, ఆ డెండ్రిటిక్ సెల్‌ని కలిశాకే ఎన్‌కె పూర్తిగా రెడీ అవుతుంది. ఈ లింకు చెప్తే నువ్వు ముక్కలు బట్టీపట్టలేదని తెలుస్తుంది.

తెనాలి_కోడలు:

డాక్టర్ గారూ, మాస్టారూ, ఇక్కడ అడగొచ్చో లేదో తెలీదు. నాకు రెండు సార్లు మూడో నెల రాకుండానే అబార్షన్ అయింది. ఒక సెంటర్‌లో రక్తం తీసి ఎన్‌కె సెల్స్ 18 శాతం అని ఎర్ర అక్షరాల్లో రిపోర్టు ఇచ్చారు, ఆ సెల్సే బిడ్డని చంపేస్తున్నాయి, తెల్లటి సెలైన్ ఎక్కించాలి, ఇంట్రాలిపిడ్ అంటారు అన్నారు. మా అత్తగారు అప్పట్నుంచి నా ఒంట్లోనే విషం ఉన్నట్టు చూస్తన్నారు. పైన మీరు రాసిన ఎన్‌కె, ఇదీ ఒకటేనా?

గైనిక్_అమ్మమ్మ:

అమ్మా, ముందు నీ ఒంట్లో విషం ఏమీ లేదు, ఆ మాట మీ అత్తగారికి నేను చెప్పానని చెప్పు. గుంటూరులో చాలా ఏళ్లు ప్రసూతి వార్డులో పని చేసి రిటైర్ అయ్యాను, ఈ ఎన్‌కె రిపోర్టులు పట్టుకుని ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లని చూశాను.

చేతి నరంలోంచి తీసిన రక్తంలో ఉండే ఎన్‌కె వేరు, గర్భసంచిలో ఉండే ఎన్‌కె వేరు. మొదటి మూడు నెలల్లో గర్భసంచి పొరలో ఉండే తెల్లకణాల్లో దాదాపు 70 శాతం ఎన్‌కె కణాలే ఉంటాయి, అది జబ్బు కాదు తల్లీ, అలా ఉండాలి. మాస్టారు చెప్పిన బ్రైట్ రకానికి దగ్గర చుట్టాలు అవి, సీడీ16 ఉండదు, చంపటంలో మహా బద్ధకం. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ హార్మోన్ పెరిగినప్పుడు ఆ పొర కణాలు ఐఎల్-15 తయారు చేస్తాయి, దాంతో ఇవి పెరుగుతాయి, అక్కడే ఉండే టీజీఎఫ్-బీటా అనే ఇంకో సైటోకైన్ వీటిని ఇంకా మెత్తగా చేస్తుంది. వీటి పనేంటంటే గర్భసంచిలో మెలికలు తిరిగి సన్నగా ఉండే రక్తనాళాలు వెడల్పు అయ్యేట్టు సాయం చెయ్యటం, అప్పుడే మాయకి రక్తం ధారాళంగా అందుతుంది. ఎన్‌కె కణాలు లేని ఎలుకల్లో ఆ నాళాలు సరిగా మారవు. అంటే బిడ్డకి దారి వేసేవాళ్లని పట్టుకుని హంతకులంటున్నారు.

రక్తంలో లెక్క ఆందోళనకి, మెట్లెక్కి రావటానికి, పొద్దునా సాయంత్రానికి కూడా మారుతుంది. 18 అన్న అంకె నీ గర్భసంచిలో ఏం జరుగుతుందో చెప్పదు. మళ్లీ మళ్లీ గర్భస్రావాల మీద యూరప్ వాళ్ల ఈఎస్‌హెచ్‌ఆర్‌ఈ గైడ్‌లైన్ ఉంది, రక్తంలో గానీ గర్భసంచి పొరలో గానీ ఎన్‌కె పరీక్ష చెయ్యమనటానికి, ఇంట్రాలిపిడ్ ఎక్కించమనటానికి తగిన ఆధారం లేదని అందులో రాశారు. ఆ తెల్లటి సెలైన్ సోయా నూనె ఎమల్షన్, నోటితో తినలేని రోగులకి పోషణ కోసం తయారైంది. దానికంటే ముందు చేయించుకోవాల్సినవి ఉన్నాయి, యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, థైరాయిడ్, గర్భసంచి ఆకారం చూసే స్కాన్, అవసరమైతే మీ ఇద్దరికీ క్రోమోజోముల పరీక్ష. ఆ యాంటీఫాస్ఫోలిపిడ్ తేలితే దానికి మందు ఉంది, పనిచేసే మందు. ఇప్పుడు వాడుతున్నవి ఏవైనా ఉంటే నా మాట విని ఆపెయ్యకు, ఇంకో గైనకాలజిస్టుకి రిపోర్టులన్నీ చూపించి అడుగు.

తెనాలి_కోడలు:

చాలా థాంక్స్ అండీ. యాంటీఫాస్ఫోలిపిడ్ అసలు చెయ్యలేదు. మా ఆయనకి ఇది మొత్తం చదివి వినిపించా.

బ్రాడీపేట_బయోటెక్:

అసలు సెమినార్ టాపిక్ ఇంత పెద్దదని నాకు తెలీదు. అక్కా లాస్ట్ ఒకటి, ఐఎల్-15తో ఎన్‌కె అంత బాగా పెరుగుతుంటే క్యాన్సర్ వాళ్లకి ఇంజెక్షన్‌గా రోజూ ఇచ్చేయొచ్చుగా?

పటమట_పిల్ల:

అందరికీ ముందు ఆ ఆలోచనే వస్తది తమ్ముడూ, ముందు ఐఎల్-2తో వచ్చింది. 1980లలో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో రోసెన్‌బర్గ్ వాళ్లు పేషెంట్ల తెల్లకణాలని ఐఎల్-2లో నానబెట్టి తిరిగి ఎక్కించి, ఒంట్లోకి కూడా ఐఎల్-2 ఇచ్చారు, 1985లో రిజల్ట్స్ వచ్చాయి, కొంతమందిలో గడ్డలు కరిగాయి. 1992లో కిడ్నీ క్యాన్సర్‌కి, 1998లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి అక్కడి మందుల సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. కానీ ఆ డోసుకి రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి బీపీ పడిపోద్ది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుద్ది, ఐసీయూ లాంటి చోట పెట్టి ఇవ్వాల్సిందే. పైగా నీకు గుర్తుందిగా, ఎన్‌కె కోసం పోస్తే రెగ్యులేటరీ టి సెల్స్ కూడా తాగి బలుస్తాయి, అవి ట్యూమర్‌నే కాపాడతాయి.

ఐఎల్-15కి ఆ రెండో బాధ చాలావరకు లేదు. కానీ ఒట్టి ఐఎల్-15 ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. అందుకని ఐఎల్-15లో ఒక అమైనో ఆమ్లం మార్చి, దానికి ఆల్ఫా ముక్కలో అతుక్కునే భాగాన్నీ, యాంటీబాడీ తోకనీ కలిపి ఒక మందు చేశారు, ఎన్-803 అంటారు, అంటే ట్రాన్స్ ప్రెజెంటేషన్ జంటనే సీసాలో పెట్టారన్నమాట. 2024 ఏప్రిల్‌లో అమెరికాలో ఒప్పుకున్నారు, బీసీజీకి లొంగని ఒక రకం మూత్రాశయ క్యాన్సర్‌కి బీసీజీతో కలిపి మూత్రాశయంలోకే ఎక్కిస్తారు. పైన పీజీ గారు చెప్పిన అదే బీసీజీ.

రోజూ ఇచ్చేయొచ్చుగా అన్నావు చూడు, అక్కడే తిరకాసు. మనిషి ఎన్‌కె సెల్స్‌కి ఐఎల్-15 ఆపకుండా వేస్తే మొదట బాగా పెరుగుతాయి, తర్వాత చంపే శక్తి పడిపోతుంది, మైటోకాండ్రియా నీరసపడతాయి, గ్యాప్ ఇచ్చి ఇచ్చి వేస్తే ఆ నీరసం తక్కువ. 2018లో మిన్నెసోటా వాళ్లు ఇది పేపర్‌గా వేశారు, మేం ఫ్లాస్కుల్లో కూడా చూస్తంటాం, లెక్క చూస్తే బ్రహ్మాండం, కిల్లింగ్ ఎస్సే, అదే ఎంత బాగా చంపుతున్నాయో చూసే పరీక్ష, పెడితే ఏడుపొస్తది. లోపల బ్రేకులు కూడా ఉన్నాయి. ఐఎల్-15 సిగ్నల్ రాగానే సెల్ సీఐఎస్ అని ఒక ప్రొటీన్ తయారు చేస్తుంది, అది వెళ్లి జాక్1ని పట్టి ఆపుతుంది, 2016లో ఆస్ట్రేలియా వాళ్లు ఆ జీన్ తీసేసిన ఎలుకల్లో క్యాన్సర్ పాకటం తగ్గిందని చూపించారు. బయట ట్యూమర్ టీజీఎఫ్-బీటా వదిలి ఎమ్‌టార్‌ని నొక్కేసి, ఎన్‌కెజీ2డీ లాంటి రిసెప్టర్లు తగ్గించేస్తది. అమ్మమ్మ గారు చెప్పిన అదే టీజీఎఫ్-బీటా, గర్భసంచిలో కావాల్సింది, ట్యూమర్‌లో మన కొంప ముంచేది.

అందుకే ఇప్పుడు చాలామంది ఒంట్లో పొయ్యటం కంటే బయట తయారు చేసి ఎక్కించటం మీద పడ్డారు. కె562 అనే లుకేమియా సెల్ మీద ఐఎల్-21ని అతికించి, అది పెరక్కుండా రేడియేషన్ ఇచ్చి ఎన్‌కెతో కలిపి పెంచితే మూడు వారాల్లో సగటున 40 వేల రెట్లు పైన పెరిగాయని 2012లో వచ్చింది. ఇంకో పద్ధతి, ఐఎల్-12, 15, 18 మూడూ కలిపి ఒక్క రాత్రి ఉంచి కడిగేస్తారు, ఆ సెల్స్ వారాల తర్వాత కూడా మామూలు వాటికంటే గట్టిగా స్పందిస్తాయి, మెమరీ లైక్ అంటారు. మాస్టారూ మీ సీడీ25 ఇక్కడ పనికొచ్చింది చూడండి, ఆ ఒక్క రాత్రిలో ఎన్‌కె మీద సీడీ25 పెరుగుతుంది, తర్వాత పేషెంట్‌కి కొంచెం ఐఎల్-2 ఇస్తే చాలు. ఏఎమ్‌ఎల్ అనే రక్త క్యాన్సర్ మీద 2016లో వచ్చిన మొదటి రిపోర్టులో లెక్కలోకి తీసుకున్న 9 మందిలో 5 మందికి పనిచేసింది. ఇంక కార్ ఎన్‌కె, కార్ అంటే క్యాన్సర్ కణాన్ని పట్టేట్టు మనం తయారు చేసి పెట్టే రిసెప్టర్, అమెరికాలో ఎమ్‌డీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రిలో బొడ్డుతాడు రక్తం ఎన్‌కెకి సీడీ19 పట్టే కార్‌తో పాటు ఐఎల్-15 జీన్ కూడా పెట్టారు, దాని మేత అదే వండుకుంటది. 2020లో 11 మందిలో 8 మందికి పనిచేసిందని వచ్చింది, కార్‌ని టి సెల్స్‌కి పెట్టినప్పుడు వచ్చే సైటోకైన్ తుఫాను రాలేదు. చిన్న ట్రయల్, అది గుర్తుపెట్టుకుని చెప్పు.

బ్రాడీపేట_బయోటెక్:

స్లైడ్లు 30 దాటుతున్నాయి అక్కా, టైమ్ 20 నిమిషాలే. ఏం తీసెయ్యాలి?

ఇమ్యునో_మాస్టారు:

చరిత్ర మొత్తం ఒక స్లైడ్‌లో సర్దెయ్. రెండు సెల్స్ బొమ్మ, దాని పక్కన ఎస్‌సీఐడీ పట్టిక, ఆ తర్వాత ఐఎల్-15 తక్కువ ఇస్తే ఏంటి ఎక్కువ ఇస్తే ఏంటి, ఆపకుండా ఇస్తే ఏంటి. ఐఎల్-12, 18కి ఒకటి. గర్భసంచి ఎన్‌కెకి ఒకటి కచ్చితంగా ఉంచు, అది ఎవరూ పెట్టరు. కార్ ఎన్‌కె ఎవరైనా అడిగితే నోటితో చెప్పు, స్లైడ్ అక్కర్లేదు.

పటమట_పిల్ల:

స్టాట్5 స్పెల్లింగ్ మాత్రం ప్రతి స్లైడ్‌లో చూసుకో, మన సీనియర్ల నోట్సులో ఐఎల్-15కి స్టాట్4 అని తప్పు ఉంది, నేను చదివినప్పట్నుంచీ అదే జిరాక్స్ తిరుగుతుంది.